ఇస్సాకు ఎవరో తెలియదు

పెద్దారవీడు దగ్గర చేలో మిరపకాయలు కోస్తున్న ఎలీషబా పొద్దుటి నుంచి పదిసార్లు ఫోను చూసుకుంది. సోమవారానికి గల్ఫ్ నుంచి ఇంటికి రావలసిన మొగుడు గురువారానికీ రాలేదు. అక్కడి విమానాశ్రయంలో పోలీసులు ఆపేశారని అతని గదిలో ఉండే జాన్సన్ చెప్పాడు. పాస్‌పోర్టులో రంగనాయకులు, ఫోన్లో అందరికీ ఇస్సాకు. రెండు పేర్లున్నవాడు టెర్రరిస్టు కాడని నమ్మకమేముందని వాళ్ల అనుమానం.

ఆ దేశం ఢిల్లీని అడిగింది. ఢిల్లీ జిల్లాను అడిగింది. జిల్లా అడిగితే మార్కాపురం నుంచి హెడ్ కానిస్టేబుల్ సాయినాథ్ మోటారు సైకిలు వేసుకుని చేను గట్టు దగ్గరికి వచ్చాడు. దేశాలు దేశాలు చేతులు కలిపి దొంగల్ని పట్టుకుంటే మంచిదే. మధ్యలో ఎలీషబా ఇంటి గుట్టు ఎందుకు రట్టు కావాలి?

గుట్టంటే పెద్దదేమీ కాదు, వాళ్ల పేటలో సగం ఇళ్లలో ఉన్నదే. కాగితాల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. బాప్తిస్మం సంగతి బయటపడితే ఎస్సీ సర్టిఫికెట్‌కు ఎసరొస్తుంది. కూతురికి నర్సింగు సీటు వచ్చింది ఆ సర్టిఫికెట్ మీదే. ఆ పిల్లకు వందన అనే పేరు కూడా అటూ ఇటూ చెల్లుతుందని ఏరికోరి పెట్టుకున్నదే.

"రంగనాయకులు నీ మొగుడేనా అమ్మా?" అన్నాడు సాయినాథ్.

"అవును సార్."

"మరి ఈ ఇస్సాకు ఎవరు?"

ఎలీషబాకు కాలేజీ యూనిఫారంలో వందన కళ్ల ముందు మెదిలింది.

"ఎవరో నాకు తెల్దు సార్."

ఆ మాటే రాసుకుని అతను వెళ్లిపోయాడు. గండం గడిచిందని ఎలీషబా అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అబద్ధం నిలబెట్టమని ఏ దేవుణ్ణి అడగాలో ఆమెకే తెలియాలి!

నాలుగో రోజు జాన్సన్ ఫోన్ చేశాడు.

"వదినా, ఏం చెప్పినావు నువ్వు? ఇస్సాకు అనేటోడు ఎవరో తెల్దని మీకాడ నుంచి జవాబు వచ్చినాదంట. ఆ రెండోవాడు ఏడున్నాడో చూపించమని అన్నను పట్టుకున్నారు. ఇద్దరూ నేనేనని అన్న మొత్తుకుంటాంటే, నీ పెళ్లామే తెల్దన్నది గదా అంటున్నారంట. మా కంపెనీ ఆయన పోయి కనుక్కొచ్చినాడు."

మొగుణ్ణి తన నోటితో తనే లోపల వేయించింది. లేని మనిషిని ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు?

వందనకు చెప్పలేదు. చెబితే "సీటు పోతే పోనీ మా" అంటుంది. ఆ మాట పిల్ల నోట వినే ధైర్యం లేక, ట్రంకుపెట్టెలోని మొగుడి బాప్తిస్మం కార్డు, తన ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుని మార్కాపురం ఆటో ఎక్కింది.

స్టేషన్లో సాయినాథ్ ముందు బాప్తిస్మం కార్డు పెట్టింది.

"ఇస్సాకు నా మొగుడే సార్. ఆ పేరూ ఆయనదే, ఈ పేరూ ఆయనదే. ఆ పొద్దు అబద్ధం చెప్పినా."

సాయినాథ్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనూ ఇక్కడివాడే, విషయం అర్థమైపోయింది.

"పిల్ల చదువుకుంటాందా?"

"నర్సింగు, రెండో సంవత్సరం. ఈ కాగితం ఎవరెవరు చూస్తారు సార్?"

"ఇక్కడ నుంచి ఆ దేశం దాకా అందరూ. నా చేతుల్లో ఏముందమ్మా?"

ఎలీషబా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాయండి సార్."

అతను తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

"చెప్పు. నీ పేరు?"

చేతిలో ఉన్న ఆధార్ కార్డు వంక చూసుకుంది.

"కృష్ణకుమారి సార్," అని ఆగింది. "ఎలీషబా కూడా నేనే. రెండూ రాసుకోండి."