చుట్టాల నీళ్ళు

పప్పులోకి క్యాన్ నీళ్ళు పోసినందుకు ఆ పొద్దున అత్తాకోడళ్ళకు మాటామాటా వచ్చింది.

"పద్మప్రియ కోసమని తెప్పిస్తే, నువ్వు చెంబులు చెంబులు పప్పులోకి ఒంపేస్తివి" అంది రామసుబ్బమ్మ, క్యాన్ మూత బిగిస్తూ.

"ఒక్క చెంబే అత్తా. బోరు నీళ్ళలో పప్పు ఎప్పటికి ఉడకాల? నీ కూతురేమో బేడలు బేడలుగా ఉంటే ముట్టదాయె."

"ఇంకో రెండు కూతలు ఎక్కువ కుయ్యనీ కుక్కర్ని. దాని నోరేం నొస్తాదా?"

ప్రసూనకు నవ్వొచ్చింది. ఆడబిడ్డ పద్మప్రియది అనంతపురం కాపురం. పుట్టింటికి వస్తే బోరు నీళ్ళు నోట పెట్టదు. అందుకే చుట్టాలు వచ్చే రోజుల్లో బత్తలపల్లె నుంచి ఆటోలో క్యాన్ వస్తుంది. తక్కిన రోజుల్లో ఇంటిల్లిపాదీ తాగేది పెరట్లో బోరు నీళ్ళే. ఆ నీళ్ళలో దోషం లేదని ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన కాగితం, లామినేషన్ చేయించింది, మోటారు గది తలుపు మీద ఇప్పటికీ ఉంది.

"ల్యాబోళ్ళే మంచి నీళ్ళని రాసిచ్చినారు. నీ కూతురు ఒక పూట తాగితే కరిగిపోతాదా ఏమి?" అంది కోడలు, ఆటపట్టించడానికే.

"బయట నుంచి వచ్చినోళ్ళకు ఆ సవుడు నీళ్ళు ఎట్లిస్తామే? నేనెప్పుడూ ఇచ్చింది లేదు. ఆ ల్యాబోళ్ళకు పంపిన సీసాలోకి కూడా క్యాన్ నీళ్ళే పోస్తి."

ప్రసూన చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏ సీసాలోకి?"

"అదేనే, బోరు వేసిన కొత్తలో పంపిస్తిమే, ఆ సీసా. నువ్వు చంటిపిల్ల గౌతమికి నీళ్ళు పోస్తా, నన్ను నింపమంటివి. టౌన్లో ఎవరెవరో నోట్లో పోసుకొని చూస్తారు, ఇంత పెద్దిల్లు పెట్టుకొని ఇట్లాంటి నీళ్ళు తాగుతారా వీళ్ళు అనుకోరా? నువ్వు చెప్పినట్లే మూడు తూర్లు అదే నీళ్ళతో కడిగి నింపితి." 

వియ్యాలవారికి విస్తట్లో లోటు రానివ్వని మనిషి చెప్పుకున్నట్లు చెప్పింది రామసుబ్బమ్మ. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు, అంతే.

కుక్కర్ కూత వేసింది. ప్రసూనకు అది ఎక్కడో పక్కింట్లో వేసినట్లు వినిపించింది. సీసా మీద 'బోరు నీళ్ళు' అని చీటీ రాసి అంటించింది తనే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన మనిషి, సీసా ఎలా కడగాలో అత్తకు రెండుసార్లు చెప్పింది. అత్త అలాగే కడిగింది. ల్యాబ్ వాళ్ళూ తమకు చేరిన నీళ్ళనే సరిగ్గా పరీక్షించారు. ఎక్కడా ఎవరూ ఏమరలేదు. బోరు నీళ్ళు మాత్రం ల్యాబ్ దాకా పోనేలేదు.

గడప దగ్గర ఏడాదిన్నర కొడుకు హర్ష స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగుతున్నాడు. ప్రసూన ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కుంది. వాడు బిత్తరపోయి, తర్వాత ఏడుపందుకున్నాడు.

"వాని చేతిలోది ఎందుకు లాక్కుంటివే?"

ప్రసూనకు కిందటి వారం పళ్ళ డాక్టరు అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. కూతురు గౌతమికి కొత్తగా వచ్చిన ముందుపళ్ళ మీద సుద్ద గీతలు, వాటి మధ్య గోధుమరంగు మచ్చలు. సరిగ్గా తోమడం లేదని తనే చిగుళ్ళలో నెత్తురొచ్చేదాకా తోమించింది. "తోమితే పోయేది కాదమ్మా. పన్ను తయారయ్యేటప్పుడే లోపల పట్టింది. ఫ్లోరిన్ నీళ్ళ పని. మీ నీళ్ళు పరీక్ష చేయించినారా?" అని డాక్టరు అడిగితే, "చేయించినాం సార్, దోషం లేదు" అని తల ఎగరేసి చెప్పింది. ఆయన మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించమంటే మనసులో విసుక్కుంది కూడా.

ఆ మాటలు అత్తకు మెల్లగా విడమరచి చెప్పింది. రామసుబ్బమ్మ ఏడుస్తున్న మనవడి నోట్లోకి వేలు పెట్టి, చిన్న చిన్న పళ్ళను తడిమి చూసింది.

"నా చేతులతోనే తాపితినే" అంది.

మధ్యాహ్నం ప్రసూన భర్త దివాకర్ అక్కను బస్టాండు నుంచి తీసుకొచ్చాడు. ప్రసూన అతన్ని పెరట్లోకి పిలిచి చెప్పింది. అతను మోటారు గది మెట్టు మీద కూలబడ్డాడు. తలుపు మీది కాగితం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"సరే. ఈ రోజు నుంచి మనకు క్యాన్లు వేయించుకుందాం. ఈ మాట మాత్రం ఇంట్లోనే ఉండనీ."

"రోడ్డు మీది కొళాయి?"

ఆ కొళాయికి పోయేదీ ఈ బోరు నీళ్ళే. రోడ్డు అవతల ఉండే మారెమ్మ వాళ్ళ వీధికంతా అదే ఆధారం. దానికి దివాకర్ వాళ్ళ నాయన పేరు పెట్టారు.

"ఈ కాగితం చూపించే కదా వాళ్ళ చేతిపంపు మాన్పిస్తిమి" అంది ప్రసూన.

"తెలుసులే. ఇప్పుడు పోయి చెప్తే అమ్మను ఏమంటారో, నాయన పేరు ఏమయితాదో ఆలోచన చేయి."

ప్రసూనకు మారెమ్మ మనవడు జోయల్ గుర్తొచ్చాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతాడు. వాళ్ళింట్లో పళ్ళు తోమే అలవాటు లేదేమో అనుకుంది ఇన్నాళ్ళూ.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. ప్రసూన అన్ని గ్లాసుల్లోనూ క్యాన్ నీళ్ళే పోసింది.

"అమ్మా, ఈ పొద్దు మాకూ చుట్టాల నీళ్ళేనా?" అంది గౌతమి సంబరంగా.

"ఏమప్పా, ఇంట్లో ఎవరన్నా పోయినట్లు అందరూ ఇట్లుండారు?" అంది పద్మప్రియ. "పప్పు బాగుండాది ప్రసూనా, వెన్న మాదిరి ఉడికింది."

కిటికీ అవతల, రోడ్డు మీద, కొళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. ఖాళీ బిందె చప్పుడు మెల్లగా బరువెక్కి, ఆగి, ఇంకో బిందెలో మళ్ళీ మొదలైంది.

ప్రసూన గరిటె గిన్నెలో పెట్టింది.

"తిన్న తర్వాత మారెమ్మ దగ్గరికి పోతా. సీసాలో పోయింది ఏం నీళ్ళో ఉన్నదున్నట్లు చెప్తా. తలుపు మీది కాగితం పీకేస్తా. రేపు వాళ్ళను పక్కన నిలబెట్టుకొని ఆ కొళాయి కిందే సీసా పడదాం. ల్యాబోళ్ళు చెప్పేంతవరకు మనింటికి ఏ నీళ్ళో ఆ వీధికీ అవే తెప్పించాల."

"నేనేం చెప్పినానప్పా నీకు?" దివాకర్ గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మ పేరు వీధిలో పెడ్తావా?"

రామసుబ్బమ్మ ఇంకా అన్నం కలపలేదు. పళ్ళెం పక్కకు జరిపి, మోకాలి మీద చెయ్యి ఊని లేచింది.

"నా పేరు నేనే చెప్పుకుంటాలేరా. మారెమ్మతో నేను మాట్లాడ్తా" అని, కోడలి వైపు తిరిగింది. "తినేది తర్వాత. నువ్వు ముందు మోటారు ఆపుపో."