ఒర్లియంపేటలో తడి పాదాలు

పంకజం అవ్వ తెల్లారగానే వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసేది. ముగ్గుకు కుడిపక్క జానెడు చోటు వదిలేది. మనవరాలు అభినయ పాదాలు ఆ దారినే బయటికి పోవాలి కదా.

అభినయకు పన్నెండేళ్ళు. రెండేళ్ళ కిందట మేడ మీద వడియాలకు కాపలా కూర్చుని, కాకుల్ని తోలుతూ వెనక్కి అడుగేసి కింద పడింది. వెన్నులో నరం తెగింది. నడుము కింద ఆమెకు ఏమీ తెలియదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మరునాటి నుంచి ఎర్రగచ్చు నేల మీద ఆమె తడి పాదాలు పడడం మొదలైంది. పిల్ల మంచం మీద నిద్రపోతూనే ఉండేది. అడుగులు మాత్రం మంచం పక్కన మొదలై, వంటింట్లోకి తొంగి చూసి, గడప దాటి, వీధి కొళాయి దాకా పోయి తిరిగొచ్చేవి. కుడికాలి చిటికెన వేలు పక్కకు ఒరిగి ఉంటుంది కాబట్టి అవి ఎవరివని అడగాల్సిన పని లేదు.

"ఏందే, మళ్ళీ చెప్పులు లేకుండా పోయినావా? వీధంతా గాజుపెంకులు," అని అవ్వ మంచం దగ్గరకొచ్చి తిట్టేది.

"నేను నిద్రలో ఉండాను అవ్వా. నన్నడిగితే?"

పూలమ్మే అంగమ్మాళ్ ఆ అడుగుల్ని తొక్కకుండా పక్కగా నడిచేది. తల్లి లోకేశ్వరి ఏటా పుట్టినరోజుకు వాటి మీద దారం పెట్టి కొలిచేది. పెరుగుతూనే ఉన్నాయి.

తండ్రి సుధాకరన్ కరెంటాఫీసులో గుమాస్తా. ఊళ్ళో డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నా ఆయన ఊరుకోలేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని కూర్చుని, సముద్రాలకు ఆవల ఒక ఆస్పత్రిని కనిపెట్టాడు. అక్కడ కొత్తరకం సూది వెన్నులో వేస్తే తెగిన నరం మొలుస్తుందని రాసుంది. 2006 వేసవిలో ముగ్గురూ విమానమెక్కారు. అవ్వ ఇంటికి కాపలా ఉంది. అడుగులు కూడా ఇంట్లోనే ఉండిపోయి, రోజూ కొళాయి దాకా పోయొచ్చేవి.

ఆ ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు మాట్లాడేవాడు. పక్కనున్న అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో కాస్త తక్కువసేపు చెప్పేది. నాయన దాన్ని తెలుగులో ఒక్క మాటలో తేల్చేవాడు.

"నడుస్తావంట."

"అంతసేపు మాట్లాడింది ఇంతేనా నాయనా?"

"తిప్పి తిప్పి ఆయన చెప్పేది అదేనమ్మా."

మూడో రోజు సూది వేశారు. నాలుగో రోజు అవ్వ ఫోన్లో, "ఈ పొద్దు పిల్ల రాలేదురా. నేలంతా పొడిగా ఉండాది," అంది. సుధాకరన్ ఫోన్ పట్టుకునే ఏడ్చాడు. "పాదాలు వొంట్లోకి తిరిగొచ్చేసినాయమ్మా!" అన్నాడు. లోకేశ్వరి నర్సులందరికీ చాక్లెట్లు పంచింది. ఒర్లియంపేటలో అవ్వ వీధంతా చెప్పుకొచ్చింది. అడుగులు ఆగాయంటే కాళ్ళు బాగుపడ్డాయని కాక మరేమనుకుంటారు?

బయలుదేరే రోజు అభినయను ఒక ఇనప చట్రానికి బెల్టులతో కట్టి నిలబెట్టి ఫొటో తీశారు. నాయన ఏదో కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆరు నెలలు గడిచాయి. కాళ్ళు కదల్లేదు. నేల మీద అడుగులూ రాలేదు. అవ్వ ఇప్పుడు వాకిలి నిండా ముగ్గు వేస్తోంది. పొద్దున్నే లేవగానే అభినయ మంచం మీంచి నేల వైపు చూసేది, తర్వాత గోడ వైపు తిరిగేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరికి ఆ చివరనున్న కదిర్కామం నుంచి మంగళం అనే ఆమె ఆటోలో వచ్చింది. సుధాకరన్ ఆమెను వసారాలో కూర్చోబెట్టాడు. నడిమి గదిలో తెర వెనక చక్రాల కుర్చీలో అభినయ, పక్కన అమ్మ, అవ్వ. లోపలికి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఈ పుస్తకం ఆస్పత్రోళ్ళు పంపించినారన్నా. ఈ ఫొటోలో పాప మీ పాపేనంట కదా? నిటారుగా నిలబడుండాది! మా ప్రీతి కూడా మెట్ల మీంచి పడింది. శుక్రవారం విమానం. పోయే ముందు ఒకసారి కళ్ళారా చూసి పోదామని..."

తెర సందులోంచి అభినయకు ఆ పుస్తకం కనబడింది. ఫొటోలో చట్రం లేదు, బెల్టులు లేవు. తను నిలబడి నవ్వుతోంది.

"నడుస్తా ఉండాదమ్మా," అన్నాడు నాయన. "ఇప్పుడే ట్యూషన్‌కు పోయింది."

"నడిచేనా అన్నా?"

"నడిచే."

అభినయ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నేనీడనే ఉండాను కదా. నన్ను బయటికి తొయ్యి."

లోకేశ్వరి కుర్చీ బ్రేకు మీద చెయ్యి వేసింది, తియ్యలేదు. అవ్వ వంగి చెవిలో చెప్పింది. "గమ్మునుండు తల్లీ. ముగ్గురికి ఆస్పత్రి గురించి మంచిమాట చెబితే నీకు ఇంకో సూది ఊరికే వేస్తారంట. ఇది మూడో ఇల్లు."

"ముందు ఇద్దరు పోయినారా?"

అవ్వ అవునన్నట్టు తలూపింది.

"అమ్మా, ఆ డాక్టరు నేను నడుస్తానని చెప్పినాడా?"

లోకేశ్వరి కూతురి చెవి దగ్గరికి వంగింది. "నూటికి ఒకరు కూడా కష్టమన్నాడంట," అంది. "ఊరికొచ్చినాక మీ నాయన నాకు చెప్పినాడు."

"నాకెవురూ చెప్పలేదే."

అరవాలనుకుంది అభినయ. అరిస్తే పరాయి మనిషి ముందు నాయన అబద్ధాలకోరు అవుతాడు. ఆ సిగ్గు కూడా తన మీదే పడింది. తనతో నిజం చెప్పనివాళ్ళ పరువు తనే మోయాలా అనుకుంటూ పళ్ళు బిగబట్టింది.

అప్పుడు కుర్చీ చక్రం పక్కన ఒక తడి పాదం పడింది. దాని ముందు ఇంకొకటి. అడుగులు తెర కిందుగా వసారాలోకి పోయాయి. సుధాకరన్ మాట మధ్యలో ఆగిపోయింది. అడుగులు తిన్నగా మంగళం ముందుకు పోయి, రెండు పాదాలూ దగ్గరగా చేర్చుకుని నిలబడ్డాయి.

మంగళం వంగి ఆ తడిని వేలితో తాకింది. తల ఎత్తి తెర వైపు చూసింది.

"మా ప్రీతి పాదాలు కూడా తెల్లారతానే పెరట్లో గోరింటాకు చెట్టు దాకా పోతాయి," అంది. తర్వాత సుధాకరన్ వైపు తిరిగింది. "నడిచే పిల్లకు ఇవి ఎందుకన్నా?"

ఆయన ఆ తడికి తగలకుండా కాళ్ళు వెనక్కి జరుపుకున్నాడు.

"సూది వేసినాక ఇవి ఆగినాయా?"

తెర వెనక నుంచి అవ్వే చెప్పింది. "మరునాటి నుంచే ఆగినాయమ్మా. ఆరు నెలలకు ఇదే మొదలు."

మంగళం పుస్తకాన్ని రెండుగా మడిచి సంచిలో కుక్కింది. "ఉన్న నడక కూడా పోగొట్టుకునేదానికి అంత దూరం పోవాల్నా?" అని లేచింది. "మేం పోము పెద్దమ్మా. పొయ్యొస్తాను."

సుధాకరన్ తెర పక్కకు తీసి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ కోసమే కదమ్మా," అన్నాడు. అభినయ ఆయన భుజం మీదుగా వసారా వైపే చూస్తోంది.

అడుగులు వెనక్కి రాలేదు. మంగళం వెనకే మెట్లు దిగాయి. మధ్యాహ్నపు ఎండ పడుతున్న రోడ్డు మీద కూడా ఆరకుండా ఆటో దాకా పోయాయి.

లోకేశ్వరి గాబరాగా గుమ్మం దాకా పరిగెత్తింది. "అభీ, పోతా ఉండాయే! పిలువు!"

"నేనే పొమ్మన్నాను," అంది అభినయ. "ముందుపోయిన ఇద్దరి ఇళ్ళకు కూడా పోయి నిజం చెప్పాల."

వీధిలో ఆటో బయలుదేరింది. మంగళం తల బయటికి పెట్టి ఒకసారి వెనక్కి చూసి, డ్రైవర్ భుజం తట్టింది.

"వీరాసామీ, మెల్లగా పోనియ్యి నాయనా. పిల్ల నడిచొస్తా ఉండాది."

వీరాసామి సరేనని తలూపి, బండిని రోడ్డు వారగా తీసుకుని, మనిషి నడిచినంత మెల్లగా కదిర్కామం వైపు పోనిచ్చాడు.