హాల్లో ఉన్న స్విచ్చు

మా వంటింటి లైటు స్విచ్చు హాల్లో ఉంటుంది. చెబితే నవ్వుతారు గానీ నిజం. ఇల్లు కట్టినప్పుడు కరెంటు మేస్త్రి వైరు ఎటు లాగాడో ఏమో, ఆ స్విచ్చు వచ్చి మా ఆయన కుర్చీ వెనక గోడ మీద పడింది. వంటింటికి కిటికీ లేదు. పట్టపగలు కూడా లైటు ఉండాల్సిందే. ఆయన టీవీ చూస్తూ వెనక్కి వాలితే భుజం తగిలి లైటు ఆరిపోతుంది. లోపల నేను ఉల్లిపాయ కోస్తూ కత్తి గాల్లో ఆపి, "లైటండీ" అని కేకేస్తాను. "ఆఁ ఆఁ, ఈ ఓవరవ్వనీ" అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. మార్పిద్దామండీ అంటే, "గోడ పగలగొట్టాలి, ఇప్పుడేం కొంప మునిగింది, అలవాటైపోయిందిగా" అంటారు. ఎవరికి అలవాటైందో మాత్రం చెప్పరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న నా ల్యాప్‌టాప్ నల్లగా అయిపోయినప్పుడు నన్ను గట్టెక్కించింది ఆ స్విచ్చే.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పెళ్ళికి ముందు నేర్చుకున్న పని. మధ్యలో పన్నెండేళ్ళు మానేసి, మళ్ళీ మొదలుపెట్టాను. ఒక ఇంజనీరమ్మ ఉంది, నాకన్నా చాలా చిన్నది, కొలతలు పంపిస్తే నేను గీసి పంపుతాను. నాకంటూ బల్ల లేదు. గిన్నెలయ్యాక, బట్టలయ్యాక, అత్తయ్యకి మందులిచ్చాక, పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి గీస్తాను. కూర్చుంటే బల్ల అందదు. మా ఆయన చుట్టాలతో, "ఏం లేదు, తోచక కంప్యూటర్లో గీతలు గీసుకుంటుంది" అంటారు. ఆ గీతల మీద మూడిళ్ళు లేచాయి. వాటిల్లో మనుషులు కాపురాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు, తలుపులేసుకుని పోట్లాడుకుంటున్నారు. ప్లాను కింద మూల ఒక చిన్న పెట్టె ఉంటుంది, గీసినవారు అని. అందులో ఎప్పుడూ ఆఫీసు పేరే. నా పేరు లేదు. నేనూ అడగలేదు, అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని.

అలాంటిది పోయిన వారం ఇంజనీరమ్మే అంది: "అక్కా, బుధవారం నాలుగింటికి బ్యాంకు మేనేజరు గారి ఇంటి ప్లాను వీడియోలో మీరే చూపించండి. నేను పక్కనుంటా. వాళ్ళకి నచ్చితే పెట్టెలో మీ పేరే." ఆ ఫోను పెట్టేశాక నేను ఒకే చీరని రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

ఇల్లంతా మొత్తంగా తిప్పి చూపించాలి. గదిలోకి నడిచి వెళ్తున్నట్టు, కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు. నా ల్యాప్‌టాప్‌లో అది తిరగదు. ముసలాయన మెట్లెక్కినట్టు ఆగి ఆగి వస్తుంది. ఫోన్లో వెతికితే తెలిసింది, దీని లోపల బొమ్మ చూపించేవి రెండున్నాయట, చిన్నదొకటి, పెద్దదొకటి. పెద్దది కాలు మీద కాలేసుకుని కూర్చుంటే చాకిరీ అంతా చిన్నది చేస్తోంది. ఎక్కడో విన్నట్టే ఉంది కదా. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఒక బటన్ నొక్కితే, మామూలు స్క్రీను రాకముందే ఒక నీలం పేజీ వస్తుంది. దాన్ని బయోస్ అంటారు, మిషను లోపలి సెట్టింగులన్నీ అందులో ఉంటాయి. అందులో 'రెండూ' అని ఉన్నచోట 'పెద్దదొక్కటే' అని పెట్టి, సేవ్ చేశాను. అప్పటికి బుధవారం మూడు దాటి ఐదు నిమిషాలు.

స్క్రీను నల్లబడింది. మళ్ళీ ఆన్ చేశాను. నలుపే. ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ లేదు. నా మొహమే అందులో కనపడుతోంది, నోరు తెరుచుకుని.

హాల్లోకి వెళ్ళి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మా ఆయన మ్యాచ్ మీంచి కళ్ళు తియ్యకుండానే, "తెలియని దాంట్లో వేలు పెట్టకని ఎన్నిసార్లు చెప్పాను? కూర మాడితే పారేస్తాం. ఇది మాడితే?" అన్నారు. ఆ ల్యాప్‌టాప్ ఆయన ఆఫీసులో పాతదని తీసేస్తే తెచ్చి నాకిచ్చింది. ఇచ్చినప్పటినుంచీ వారానికోసారి గుర్తు చేస్తూనే ఉన్నారు. పక్క సోఫాలో అత్తయ్య, "పోనీలేవే అమ్మాయ్, కాసేపు పడుకో, కళ్ళు గుంటలు పడ్డాయి" అంది. ఆవిడ మంచికే అంది. ఆ మంచి వింటే నాకింకా ఏడుపొచ్చింది.

రిపేరు షాపాయనకి ఫోన్ చేశాను. ఏం జరిగిందో వరసగా చెప్పాను. అంతా విని, "సారున్నారా అమ్మా, ఒకసారి ఫోనివ్వండి" అన్నాడు. సారుకేమీ తెలియదండీ, మార్చింది నేను అన్నాను. "అయితే బోర్డు పోయుంటుంది. రేపు సారుతో పంపించండి" అన్నాడు. ఏం మార్చానో కూడా అడగలేదు మహానుభావుడు.

మూడూ ఇరవై. ఫైలు అందులోనే ఉంది. ఫోన్లో తెరుచుకోదు. ఇంజనీరమ్మకి చెప్పి వాయిదా వెయ్యమంటే వేస్తుంది, మంచి పిల్ల. కానీ మళ్ళీ "మీరే చూపించండి" అంటుందా? ఇంట్లో ఇబ్బందులున్న ఆడమనిషి అని ఒకసారి పేరు పడితే చాలు, ఎవరూ తిట్టరు, పని మాత్రం ఇంకొకరికి పోతుంది.

అప్పుడు నాకొకటి తట్టింది. వంట చేసేటప్పుడు మూత తీసి చూస్తామా, చూడం. చప్పుడుని బట్టి, వాసనని బట్టి చెప్పేస్తాం. అలాగే చూద్దామని క్యాప్స్ లాక్ నొక్కాను. చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాను, ఆరింది. చచ్చిన మిషనైతే నొక్కినదానికి పలకదు కదా. గుడ్డిగా పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాను. టింగుమని, రోజూ వచ్చే చప్పుడే వచ్చింది. బోర్డూ పోలేదు, గీర్డూ పోలేదు. లోపల పనంతా జరుగుతూనే ఉంది, ఒక్కటీ ఆగలేదు. బయటికి కనపడట్లేదంతే.

ఛార్జరు పీకాను, బ్యాటరీ తీశాను, పవర్ బటన్ మీద వేలు పెట్టి అరవై లెక్కపెట్టాను. కొన్నిటికి అలా చేస్తే పాత సెట్టింగులకి వచ్చేస్తాయట. దీనికి రాలేదు. మూడూ ముప్ఫై. హాల్లోంచి, "టీ ఏమైనా ఉందా ఇవాళ?" అని కేక. తల పగిలిపోతున్నా కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. నీళ్ళు పెట్టి స్టవ్ వెలిగించాను. అక్కడ మ్యాచ్‌లో ఏమైందో, ఆయన అబ్బా అని వెనక్కి వాలారు. లైటు ఆరిపోయింది.

చీకట్లో స్టవ్ మంట చూస్తూ నిలబడ్డాను. 'స్విచ్చొకచోట, వెలిగేదొకచోట' అని రోజూ తిట్టుకునే మాటే నోట్లోకొచ్చి, మధ్యలో ఆగిపోయాను. వైరింగు. ఎన్ని ఇళ్ళకి గీశాను నేను వైరింగు. కరెంటు ఎక్కడికీ పోదు, లాగినచోటికి పోతుంది. ల్యాప్‌టాప్ స్క్రీనుకి వైరొచ్చింది చిన్నదాన్నుంచి అయితే? పెద్దదాని వైరు పక్కనున్న కన్నానికి, అదే టీవీకి పెట్టుకునే కన్నానికి, పోయుంటే? అంటే బొమ్మ తయారవుతూనే ఉంది, నేను చూడాల్సిన గది వేరు. స్టవ్ కట్టేశాను. చీకట్లో నవ్వొచ్చింది.

టీవీకి పెట్టే వైరు మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది సెట్‌టాప్ బాక్సుకీ టీవీకీ మధ్య ఉంది. రిమోట్ సరిగ్గా పనిచెయ్యదని ఆ బాక్సుని మా ఆయన తన కుర్చీ పక్క గూట్లోనే పెట్టుకున్నారు, లేవక్కర్లేకుండా. అక్కణ్ణుంచి గోడ వెంట పొడుగ్గా టీవీ దాకా వైరు. అంటే ఆయన మోచేతి దగ్గర చెయ్యి పెట్టి పీకాలి. మ్యాచ్ నడుస్తుండగా. ఈ ఇంట్లో గ్యాసు బండ మార్చాను, ఫ్యాను రెక్కలు విప్పి బిగించాను, కానీ ఆ వైరు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. వద్దనాల్సిన అవసరం రాలేదు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళి, "కాస్త జరగండి" అని పీకేశాను.

"ఏయ్, ఏంటే అది?"

"వైరండీ."

"వైరని తెలుసు. ఇంకా ఐదు ఓవర్లున్నాయి."

"నాకు ఇరవై రెండు నిమిషాలున్నాయి."

గుచ్చి, ఆన్ చేసి, బటన్ నొక్కుతూ ఉన్నాను. టీవీ నల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గోడంత నీలం పేజీ వచ్చింది. పడగ్గదిలో చీమంత కనపడే అక్షరాలు ఇక్కడ ఒక్కొక్కటీ జానెడు. "హమ్మయ్య" అంది అత్తయ్య, అదేంటో తెలియకపోయినా. పదోతరగతి రిజల్టులో నంబరు వెతికినట్టు వరస వరసా వెతికాను.

మా ఆయన కాసేపు చూసి, "సరే, వచ్చిందిగా. పాతదానికి పెట్టేసి నీ గదిలోకి పట్టుకుపో" అన్నారు. న్యాయమైన మాటే. బాణం గుర్తు 'పెద్దదొక్కటే' మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే 'రెండూ'. స్క్రీను వెనక్కొస్తుంది, ఇస్త్రీ బల్ల ఉండనే ఉంది, ఆయనకి మ్యాచ్ ఉంటుంది, అందరం సుఖంగా ఉంటాం. నా ఇల్లు మళ్ళీ ఆగి ఆగి తిరుగుతుంది. వేలు ఆ బటన్ మీదే పెట్టుకుని నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళుగా నేను నొక్కుతున్న బటన్ అదే, పాతదానికి పెట్టెయ్యి.

ఏమీ మార్చకుండా ఆ నీలం పేజీలోంచి బయటికొచ్చేశాను.

"ఇవాళ్టికి ఇలాగే ఉండనివ్వండి. ఇక్కడే మాట్లాడతాను" అన్నాను.

"ఇక్కడంటే? నేనెక్కడ కూర్చోను?"

అత్తయ్య సోఫా చివరికి జరిగింది. ఆయన లేచారు, లేవాల్సొచ్చినట్టు లేచారు. ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎంత మెత్తగా ఉందో ఆ కుర్చీ. ఫైలు తెరిచి ఇల్లు తిప్పాను. వెన్నలా తిరిగింది. గేటు, మెట్లు, హాలు, అక్కణ్ణుంచి వంటిల్లు. వంటింటికి తూర్పున నా నడుమంత ఎత్తులో మొదలయ్యే పెద్ద కిటికీ పెట్టాను, దానికింద గట్టు, వీధిలోకి చూస్తూ పని చేసుకునేట్టు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని టీవీ దగ్గరికొచ్చి, ఆ గట్టుని వేలితో ముట్టుకుంది.

"ఇది నువ్వు చేశావా అమ్మాయ్?"

"అవునత్తయ్యా."

"మరి తోచక గీతలు గీస్తుందన్నాడు వీడు."

మా ఆయన గొంతు సవరించుకుని, "ఇంతకీ నా టీ?" అన్నారు. నీళ్ళు స్టవ్ మీదే ఉన్నాయండీ, వెలిగించుకోండి అన్నాను. నా వైపొకసారి, వాళ్ళమ్మ వైపొకసారి చూసి, నా వెనక స్విచ్చు నొక్కి లోపలికెళ్ళారు.

నాలుగైంది. ఇంజనీరమ్మ, మేనేజరు గారు, ఆయన భార్య టీవీలోకొచ్చారు. మొదటి రెండు మాటలకి తడబడ్డాను. తర్వాత భయం సంగతే మర్చిపోయాను. గది గదికీ తీసుకెళ్ళాను వాళ్ళని. మేనేజరు గారు కారు ఎక్కడ పెట్టాలని నాలుగుసార్లు అడిగారు. ఆయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. వంటిల్లు రాగానే ముందుకి వంగి, "ఏమండీ, ఇక్కడ లైటు స్విచ్చు ఎక్కడొస్తుంది?" అని అడిగింది.

"లోపలేనండీ. తలుపు పక్కనే. వంట చేసే మనిషి చేతికి అందేచోట."

ఆవిడ నవ్వింది. "ఈ ఇల్లే కట్టిద్దాం" అంది భర్తతో. ఆయన, మరి కారు, అన్నారు. "కారు బయటుంటుంది" అందావిడ.

టీవీ మూల ఇంజనీరమ్మ మెసేజి ఒకటి తేలింది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుని పైకి చదివింది: "పెట్టె... ఖాళీ చేశాను... అక్కా. పేరు... ఎలా రాయాలో... పంపండి."

విని నేను హాయిగా వెనక్కి వాలాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. "ఏమే, లైటెయ్యవే, ఏం కనపడి చావట్లేదిక్కడ" అని కేక. అందరూ విన్నారు. స్విచ్చు నా భుజం వెనకే ఉంది, చెయ్యి వెనక్కి పెడితే చాలు.

"ఆఁ ఆఁ" అన్నాను, "ఈ గదవ్వనీ."