కదలని చక్రం కింద నిమ్మకాయ

నేను ఒక వ్యాయామపు సైకిల్‌ని. ఎంత తొక్కినా అంగుళం ముందుకు కదలను. ఎక్కడో లూధియానాలో పుట్టి, లారీ ఎక్కి భీమవరం చేరాను. మంగతాయారు నన్ను కొన్నది సరదాకి కాదు, భయంతో. షుగరు ముదిరి వాళ్లమ్మకు కాలి వేళ్లు తీసేశారు. అన్నయ్య సత్తిబాబు రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటాడు. ఇక తన వంతేనని ఆమె బెంగ.

"మీకింకా రాలేదమ్మా. కానీ ఒంట్లో ఇన్సులిన్ ఊరుతున్నా మీ కండలు దాని మాట వినట్లేదు. రోజూ వాటికి పని చెప్పండి, వింటాయి" అందట డాక్టరమ్మ.

నేను వచ్చింది దసరా నాడు. ఆ ఇంట్లో చక్రమున్న ప్రతిదానికీ పూజ జరగాల్సిందే. నాకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచారు.

"ఎక్కి తొక్కు తాయారూ!" అన్నాడు భర్త.

తొక్కింది. నిమ్మకాయ చెక్కు చెదరలేదు. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆ కాయనే పిండి, పంచదార దండిగా పోసి షర్బత్ చేసుకు తాగారు. షుగరు రాకూడదని నన్ను కొన్న పూటే! మనుషుల తెలివి మనుషులకే చెల్లింది.

కొన్నాళ్లకే "గోడకేసి చూస్తా ఎంతసేపని తొక్కుతానండీ?" అంటూ దిగిపోయింది. నా మీద తడి తువ్వాళ్లు చేరాయి. ఆ తరవాత హ్యాండిల్‌కి ఒక గుడ్డసంచి వేలాడింది. అందులో ఉన్నారు నా సవతులు, రెండు కోలాటం కర్రలు.

వీధిలో ఆడవాళ్లంతా రోజూ సాయంత్రం రామాలయం ముందు కోలాటం ఆడుతున్నారు. తాయారు చెమటలు కక్కుతూ, నవ్వుకుంటూ వచ్చి ఆ కర్రల్ని నా మెడకే తగిలించేది. గేరు లేదు, మీటరు లేదు, ఏం చూసుకుని వాటికంత వైభోగం? కుళ్లిపోయాను. వాన పడాలని మొక్కుకున్నాను. పడింది కూడా. ఎవరి వరండాలోనో ఆడుకున్నారు.

ఏడాది తిరిగేసరికి తాయారు ఆసుపత్రి నుంచి పరుగున వచ్చింది. "రక్తంలో షుగరు బాగా తగ్గిందంటండీ! మానకుండా ఆడమంది డాక్టరమ్మ, మానేస్తే మళ్లీ మొదటికొస్తదంట" అని భర్తను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ సంతోషించాలి. కానీ ఒళ్లు మండిపోయింది. ఆ దసరాకు పసుపూ బొట్టూ కర్రలకే పెట్టింది.

పాత సామాన్ల బండి వీధిలోకొస్తే, "దీన్ని ఇచ్చేద్దామా?" అన్నాడు భర్త.

"వద్దండీ, అన్నయ్యకి పంపేద్దాం. మోకాళ్ల నొప్పులతో నడవలేడు. కూర్చుని తొక్కుకుంటాడు. అమ్మకి జరిగింది తనకీ జరక్కూడదు."

అలా సత్తిబాబు ఇల్లు చేరాను. సవతుల పీడ విరగడైందని మురిసిపోయాను. మొదటి రోజే ఆయన నన్నెక్కి, ఫోను తీసి నా హ్యాండిల్ మీద నిలబెట్టాడు.

"మా చెల్లి ఆట చూస్తా తొక్కుతుంటే అలుపే తెలీట్లేదే!" అన్నాడు భార్యతో.

ఫోనులో టకటకమంటూ అవే కర్రలు. వాటి దరువుకే నా పెడళ్లు తిరుగుతున్నాయి. మొరాయించాలనిపిస్తుంది. నేను మొరాయిస్తే పోయేది సత్తిబాబు కాళ్లు. అందుకని రోజూ ఏడుస్తూనే తిరుగుతున్నాను.