జీపు దాకా

మా ఖంభాత్‌లో ఇంటికొచ్చినవాళ్లను గుమ్మంలోంచే సాగనంపితే చిన్నతనం. బండి ఎక్కేదాకా వెంట వెళ్లి 'మళ్లీ రండి' అనాలి.

బెచర్ కాకా నలభై ఏళ్లు ఉంగరాల్లో పొదిగే అకీకు రాళ్లకు సానపట్టాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇక్కడ ఎవరు దగ్గినా క్షయ అని రాసి ఆ మందులే మింగిస్తారు. అది రాతిపొడి జబ్బని తేల్చడానికీ, పొడి పీల్చకుండా పని చేయడం నేర్పడానికీ ప్రభుత్వ సొమ్ముతో నడిచే కేంద్రంలో నేను పనిచేస్తాను. ఆ ఏడు మార్చితో దాని గడువు అయిపోవాలి. కాకా కొడుకు రమణ్ ఇప్పుడు అదే సాన చక్రం ముందు కూర్చుంటున్నాడు. వాడి చక్రానికి పొడి లాగే యంత్రం పెడతామన్నాం. కేంద్రం మూతపడితే అదీ లేదు.

పొడిగించాలో వద్దో తేల్చడానికి మాంకడ్ గారనే అధికారిణి జీపులో వచ్చారు. రోగిని చూస్తానంటే, ముందురోజే కబురు పెట్టి కాకా ఇంటికి తీసుకెళ్లాను.

కాకా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. అతిథుల ముందు దగ్గితే మర్యాద కాదని పొద్దుటినుంచి మంచం దిగలేదట, మాట్లాడలేదట. ఎలా ఉన్నారని ఆవిడ అడిగితే నిక్షేపంగా ఉన్నానన్నాడు. ఊపిరి బలం కొలిచే ఊదుడు పరీక్షలో ఆయనకు వచ్చిన అంకెలు చూపించాను. ఆవిడ కాగితాన్నీ, కాకానూ మార్చి మార్చి చూసి, అంత అధ్వానంగా లేడే అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన మర్యాద మా కొంప ముంచింది.

ఆవిడ లేచింది. కాకా కూడా లేచాడు. కూర్చోమన్నాను.

"ఊరుకో రేవా. ఇంటికొచ్చిన ఆడపడుచును మంచంలోంచే పంపిస్తామా?"

మొదట నవ్వుతూనే నడిచాడు. రెండో ఇంటి గోడ పట్టుకున్నాడు. మూడో ఇంటి ముందు కూలబడ్డాడు. పొద్దుటినుంచి దాచుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పెదవులు నీలంగా మారాయి. ఆవిడ జీపు దగ్గర్నుంచి వెనక్కొచ్చి ఆ దుమ్ములోనే పక్కన కూర్చుంది. నేను వీపు రాస్తూ ఏడ్చాను. అంతకుముందు కాకా మీద కోప్పడినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

దగ్గు తగ్గాక కాకా ఆవిడవైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకమ్మా. జీపు దాకా రాలేకపోయాను."

కేంద్రం గడువు మరో మూడేళ్లు పొడిగించారు. మొదటి యంత్రం రమణ్ చక్రానికే పెట్టాం. ఆవిడ రాసిన నివేదిక నకలు నా దగ్గరుంది. 'రోగి పరిస్థితి' అన్నచోట ఊదిన అంకెలు లేవు.

"ఇంటి నుంచి జీపుకు నలభై అడుగులు. ఇరవై రెండు నడిచాడు."