డ్రైవరు కంటికి కట్టిన దారం

మ్యూజియం పెద్దలారా, మా ముత్తాతను హంతకుణ్ణి చేసింది మీరే! ఆయన తోలింది ఫిరంగులు లాగే పాతకాలపు ట్రాక్టరు, చక్రాల బదులు ఇనప పట్టాలు తిరిగేది. అధికారి ఆజ్ఞతో ముందు దారి చూపుతూ నడిచిన సిపాయి దాని కిందే నలిగిపోతే, 'డ్రైవరు అజాగ్రత్త' అని ఇత్తడి పలక కొట్టించారు. ఇప్పుడు ఆ బండి నమూనా చెయ్యమని నన్నే అడిగారు.

రేకు కత్తిరించి, పట్టాల ముక్కలు ఒక్కొక్కటే అతికించి చేశాను. మట్టితో చేసిన డ్రైవరు బొమ్మను సీట్లో పెడుతుంటే నాయనమ్మ కసిరింది.

"బండి చేస్తున్నావా, మా నాన్నకి బోను చేస్తున్నావా? చచ్చేదాకా నిద్రలో 'పక్కకి జరగరా' అని అరిచేవాడురా!"

"బొమ్మేగా నాయనమ్మా."

"బొమ్మకీ కళ్ళున్నాయిగా. వాటికేం కనబడుతోందో చూడు."

బొమ్మ కంటికి దారం అంటించి, దాని చూపు పోయే దారిలో ఇంజను మీదుగా ముందుకు లాగాను. బండి ముందు నిలబెట్టిన సిపాయి బొమ్మ తలకు చాలా పైనుంచి పోయింది. ముత్తాతకు ఆ మనిషి కనబడే దారే లేదు.

అప్పటినుంచి నమూనా ఉన్న గదిలో పట్టాల చప్పుడు ఆగడం లేదు. నాయనమ్మకూ వినబడుతోంది.

నమూనా దారంతో సహా ఇస్తాను. ముందు ఆ పలక ఊడబీకండి. ఆ గుడ్డిబండి ముందు మనిషిని నడిపించిన అధికారిదే తప్పని కొత్త పలక కొట్టించండి!