మూడో పాఠం

పారతో ఎత్తిన జీడి తొక్కు పొయ్యి నోట్లో పడగానే మంట నల్లగా లేచి, తర్వాత పసుపుగా తిరిగింది. ధనరాజు మొహం పక్కకు తిప్పుకుని మళ్ళీ పార ముంచాడు. కాశీబుగ్గ దాటాక రోడ్డు పక్కనున్న ఆ జీడి ఫ్యాక్టరీలో బాయిలరు అతని చేతికొచ్చి పంతొమ్మిదేళ్ళు. తెల్లవారేసరికి ఆవిరి పట్టాలి. ఆవిరికి జీడిపిక్కలు ఉడికితేనే ఎనిమిదింటికి వచ్చే ఆడవాళ్ళు వాటిని కోయగలరు. సీజను కావడంతో ఆదివారమైనా పని ఆగలేదు.

యాభై దాటిన మనిషి. పొట్టి, మెడ లావు. కనుబొమల్లో సగం వెంట్రుకలు మంటకే పోయాయి. జీడి నూనె తిన్న అరచేతులు ఏ సబ్బుకూ తెల్లబడవు. వేళ్ళ చివర చర్మం పొరలు పొరలుగా లేచి, మళ్ళీ నల్లగానే పూడుతుంది. మాటలు తక్కువ. ఫ్యాక్టరీలో అతన్ని 'బాయిలరు' అంటారు. చర్చిలో 'సుష్మ వాళ్ళ నాన' అంటారు. ఆ రెండో పిలుపు వినబడినప్పుడల్లా అతని మెడ కాస్త నిటారుగా నిలబడేది.

తోటి పనివాడు సన్యాసిరావు పిక్కల బస్తా దించి, దాని మీదే కూర్చున్నాడు.

"బావా, నీ కూతురు ఇయ్యాలే ఎల్లిపోతందంట గదా."

"సాయంత్రం బండికి."

"కన్నతండ్రి కూడా వచ్చినాడంట. వాక్యం బాగా సెప్తన్నాడంట గదేటి. నిన్న మా ఇంటిది కూడా ఎల్లొచ్చి కళ్ళనీళ్ళు పెట్టీసుకుంది."

ధనరాజు అవసరం లేకపోయినా ఇంకో పార తొక్కు వేశాడు. ఆవిరి మీటరు ముల్లు పైకి పోయింది.

కన్నతండ్రి పేరు ప్రదీప్. పూండి మనిషి. ఆ రోజుల్లో పగలూ రాత్రీ తాగేవాడు. సుష్మకు రెండేళ్ళప్పుడు మోహినినీ పిల్లనీ వదిలేసి సూరత్ పోయాడు. పెద్దలు కూర్చుని తెగతెంపుల కాగితం రాయించారు. మరో రెండేళ్ళకు మోహినిని ధనరాజు చేసుకున్నాడు. నాలుగేళ్ళ పిల్ల మొదటి వారం అతని దగ్గరికే రాలేదు. ఎనిమిదో రోజు వచ్చి చెప్పు తెగిందని చూపించింది. ఆ చెప్పు కుట్టించుకొచ్చిన రోజు నుంచి అతను తండ్రి. ఇప్పుడా పిల్లకు ఇరవై. నర్సు చదువు పూర్తయి, హైదరాబాదు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది.

ప్రదీప్ సూరత్‌లోనే తాగుడు మాని, దేవుడిలోకి వచ్చాడట. ఏడాదిగా టెక్కలిలో ఉంటూ ఊరూరా వాక్యం చెబుతున్నాడు. పాస్టరు గారు మూడు రోజుల తండ్రుల కూడికకు అతన్ని పిలవాలనుకుని, ముందు మోహినికి కబురు పెట్టారు. మోహిని కూతుర్ని అడిగింది. సుష్మ "రమ్మను" అంది. ధనరాజును ఆఖర్న అడిగారు. అతను తలూపాడు.

సుష్మ నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. అది తన ఇంటి సొత్తే అనుకున్నాడు పదహారేళ్ళు. శుక్రవారం సాయంత్రం మైకు ముందు అది ఇంకో మొహంలో కనబడింది. ధనరాజు చాప అంచు పీక్కుంటూ కూర్చుండిపోయాడు.

మొదటి పాఠం, తండ్రి ఇంట్లో ఉండాలన్నది. నేను లేను, అందుకే దాని విలువ చెప్పగలుగుతున్నాను అన్నాడు ప్రదీప్. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. ధనరాజుకు ఒళ్ళు మండింది. తను ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఉండటం ఒక పాఠమని ఎవరూ అనలేదు, ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. వదిలేసి పోయినవాడు తిరిగొచ్చి చెబితే అది సాక్ష్యమైంది. రెండో పాఠం, బిడ్డ పేరెత్తి రోజూ ప్రార్థించాలన్నది. ధనరాజుకు నోరు తెరిచి ప్రార్థించడం రాదు. బాయిలరు దగ్గర మనసులో అనుకునే మాటలు లెక్కలోకి వస్తాయో రావో తెలియదు.

రెండు రోజులూ అతను పాఠాల కన్నా సుష్మనే ఎక్కువ చూశాడు. ప్రదీప్‌కు మంచినీళ్ళు ఆమే ఇచ్చింది. ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు కుర్చీ వేసింది. అది ధనరాజు రోజూ కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ప్రదీప్‌ను ఏమని పిలుస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాడు. అందరిలాగే "బ్రదర్" అంది. ఆ పూట ధనరాజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకు బాయిలరు సన్యాసిరావుకు అప్పగించి, చొక్కా మార్చుకుని చర్చికి వెళ్ళాడు. రేకుల కింద ఉక్క. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ప్రదీప్ బక్కపలచని మనిషి, తెల్ల చొక్కా. అరవడు. పక్కనున్న ఒకరితో మాట్లాడుతున్నట్టు చెబుతాడు. చేతులు శుభ్రంగా, గోళ్ళు గులాబీ రంగులో ఉంటాయి.

"తండ్రులారా, మూడో పాఠం శానా సిన్నది. బిడ్డ ముందు నీ తప్పు నువ్వే ఒప్పుకో. ఆళ్ళకి తెలిసిపోయేక ఒప్పుకుంటే అది దొరికిపోవడం."

కొందరు నవ్వారు. ప్రదీప్ నవ్వలేదు.

"ఎనిమిదేళ్ళ కిందట నానొకసారి ఇక్కడికొచ్చినాను. నా బిడ్డ నన్ను సూడనని కబురు పంపినాది. న్యాయమే అనుకున్నాను. ఏ మొగం పెట్టుకుని సూడమంటాను. ఆ మాట పట్టుకునే మళ్ళీ రాలేదు. అది నా తప్పు. బిడ్డ కాదన్నా తండ్రి గుమ్మంలో నిలబడాల."

ఆడవాళ్ళ వరసలో సుష్మ రాస్తున్న పెన్ను ఆగింది. తలెత్తి ప్రదీప్‌ను చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి, మగవాళ్ళ మధ్య ధనరాజు ఎక్కడున్నాడో వెతికి, అతన్ని చూసింది.

ఆమె ఏ కబురూ పంపలేదు. ఆ రోజు ఆమె బడిలో ఉంది. మిట్టమధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్రదీప్ చంకలో పొట్లంతో నిలబడి, తాగుడు మానేశానని, పిల్లను ఒక్కసారి చూపించమని అడిగాడు. ధనరాజు అక్కడే కాసేపు నిలబడి, అడిగొస్తానని రోడ్డెక్కి, గంట తర్వాత తిరిగొచ్చి, "అడిగినాను. సూడనంటంది" అన్నాడు. ప్రదీప్ పొట్లం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మోహినికి కూడా ఈ సంగతి తెలియదు.

కబురు తెచ్చిందెవరో ప్రదీప్ ఇప్పుడు చెప్పలేదు. ఇటు చూడనైనా లేదు. పేరు దాచిన మంచితనం కూడా వాడికే దక్కింది.

చివర్లో పాస్టరు గారు, తండ్రులు బిడ్డల తల మీద చెయ్యి పెట్టి దీవించండన్నారు. పిల్లలు లేచి అటూ ఇటూ కదిలారు. సుష్మ లేచి నిలబడింది. ధనరాజు మోకాళ్ళ మీదున్న చేతులు తనకు తెలియకుండానే ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆమె తిన్నగా మైకు దగ్గరికి నడిచి, ప్రదీప్ ముందు మోకరించింది. ప్రదీప్ ఆమె జుట్టు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ధనరాజు కూడా అన్నాడు. పెదాలు కదిలాయి.

మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళి, షిఫ్టు ముగిసేదాకా బాయిలరు ముందు నిలబడ్డాడు. రెండింటికి ఇంటికొచ్చేసరికి సుష్మ పెట్టె సర్దుతోంది. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. మోహిని భర్త మొహం చూసి, పెరట్లోకి వచ్చినప్పుడు అంది.

"ఆ మనిషి నాకేటీ కాడు. దానికి తండ్రి, అంతే. నువ్వు మనసులో ఎట్టుకోకు."

"ఎండకి తలనొప్పి," అన్నాడు ధనరాజు.

పలాస స్టేషన్లో బండి నలభై నిమిషాలు ఆలస్యమన్నారు. సుష్మతో పాటు బిందు అనే పిల్ల కూడా అదే ఆసుపత్రికి వెళ్తోంది. మోహిని బిందు వాళ్ళమ్మతో మాటల్లో పడి కుళాయి దగ్గరే ఆగిపోయింది. తండ్రీకూతుళ్ళు సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. సుష్మ ఒక కమలాపండు కొని తొక్క తీస్తోంది.

ధనరాజు ప్లాట్‌ఫారం రెండు కొసలూ చూశాడు. "ఆయన రాలేదేటి?"

"నానే రావద్దన్నాను."

"ఎందుకు?"

"ఇక్కడికి నువ్వొత్తావు గదా నాన."

మూడు రోజులుగా అతను ఎదురుచూసిన మాట అది. విన్నాక మింగుడు పడలేదు.

"అమ్మా, నీకో మాట సెప్పాల. ఆయన అప్పుడొచ్చినాడు. నువ్వు ఏడో తరగతి. నిన్ను నానడగలేదు. నువ్వు సూడనన్నావని నానే సెప్పీసినాను."

సుష్మ బొటనవేలు తొక్క కింద ఆగింది.

"పొద్దున్నే తెలిసిపోనాది. నువ్వు సెప్తావో లేదో అని సూత్తన్నాను." తల తిప్పి అతన్ని చూసింది. "ఎందుకు నాన?"

అతని దగ్గర మంచి కారణాలున్నాయి. మళ్ళీ తాగుతాడని, మళ్ళీ పోతాడని, పిల్ల బెంగపడుతుందని. ఎనిమిదేళ్ళుగా తనకు తాను చెప్పుకున్నవే.

"ఆయన్ని సూత్తే నువ్వెల్లిపోతావని."

"పన్నెండేళ్ళ గుంటని. ఎక్కడికెల్తాను."

ధనరాజు పట్టాల వైపు చూస్తూ మిగిలింది కూడా చెప్పేశాడు. "నీకోసం గౌను తెచ్చినాడు. బాయిలర్లో ఏసీసినాను."

ఈసారి ఆమె తల దించుకుంది. అతను చూడలేదు. మాట మాత్రం వినబడింది.

"ఏ రంగుది?"

"నీలం. సేతుల కాడ తెల్ల లేసు. నీకు కొంచెం పెద్దదవును. రెండేళ్ళు తొడుక్కుందువు."

తిడుతుందనుకున్నాడు. లేచి అమ్మ దగ్గరికి పోతుందనుకున్నాడు. ఆమె మళ్ళీ పండు మీదికి వంగింది. కళ్ళు తుడుచుకోకుండానే, ఒక్కొక్క తొన విడదీసి, దాని మీది తెల్ల పీచు గోటితో లాగడం మొదలుపెట్టింది. ఒకటి నోట్లో వేసుకుంది. అతనికి ఇవ్వలేదు.

బండి వచ్చింది. మోహిని పరుగున వచ్చి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. ధనరాజు పెట్టె ఎక్కించి, సీటు కిందికి తోసి దిగాడు. కిటికీలోంచి సుష్మ తల్లి చెయ్యి పట్టుకుని, దిగేక ఫోన్ సేత్తానంది. ఆ ఫోను ముందు ఎవరికొస్తుందోనన్న ఆలోచన అప్పుడు కూడా ధనరాజును వదల్లేదు. బండి కదిలింది.

"ఎల్లొత్తాను నాన," అంది సుష్మ.

ఊరికి వెళ్ళే ఎవరైనా అనే మాటే. అలవాటుగా అందో, ఉద్దేశించే అందో అతనికి తెలియలేదు. బండి ఆఖరి పెట్టె పూండి వైపు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. మోహిని పద అంటే తన చేతిసంచీ కోసం బల్ల దగ్గరికి వచ్చాడు.

బల్ల మీద, దొప్పలా విచ్చుకున్న కమలాపండు తొక్కలో ఆరు తొనలున్నాయి. ఆరింటికీ పీచు శుభ్రంగా తీసేసి ఉంది.